"ఏకగ్రీవంగా" అన్న ఒక్క మాట: విశాఖలో ఒక పార్టీ కమిటీ, ఉక్రెయిన్ యుద్ధం

2022 మార్చి 11, శుక్రవారం సాయంత్రం ఒక పార్టీ నగర కార్యదర్శి నాకు ఫోన్ చేశారు. "సార్, మాలో మాకు చిన్న తగువొచ్చింది. మీరొకసారి అందరినీ కూర్చోబెట్టాలి" అన్నారు. చిన్నదంటే ఎంతని అడిగితే, ఐదు రాజీనామాలు, ఒక షోకాజ్ నోటీసు అన్నారు. దేని మీద అని అడిగాను. కాసేపు ఆగి, "ఉక్రెయిన్ మీదండీ" అన్నారు.

నవ్వొచ్చింది, దాచుకోను. కార్మిక శాఖలో కన్సిలియేషన్ అధికారిగా, అంటే యాజమాన్యాలకూ కార్మికులకూ మధ్య రాజీ కుదిర్చే అధికారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. బోనస్ నుంచి క్యాంటీన్ ఇడ్లీ సైజు దాకా అన్ని రకాల తగువులూ నా టేబుల్ మీదికి వచ్చాయి. రిటైరయ్యాక సొసైటీలు, ట్రస్టులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పిలుస్తుంటే వెళ్తున్నాను. ఎక్కడో నల్లసముద్రం పక్కన యుద్ధం జరిగితే గాజువాకలో రాజీనామాలేమిటి అనుకున్నాను. రెండు రోజులు వాళ్లతో మాట్లాడేసరికి ఆ నవ్వు పోయింది.

పార్టీ పేరు చెప్పను. జెండా రంగు మీరెలాగూ ఊహించుకుంటారు, అది నా చేతిలో లేదు. మనుషులను పోల్చుకోకుండా ఉద్యోగాలు, పేటలు కొన్ని మార్చాను. మినిట్స్ బుక్కులోని మాటల్ని మాత్రం మార్చలేదు. ఈ కేసంతా అందులోని ఒక మాట చుట్టూనే తిరిగింది.

జరిగింది ఇదీ. ఫిబ్రవరి 24, గురువారం రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగాయి. మర్నాడు జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర స్టీల్ ప్లాంట్ మీద ధర్నా ఉంది. అక్కడ ఒక టీవీ విలేకరి మైకు పెట్టి ఉక్రెయిన్ సంగతి అడిగాడు. "నాటో రెచ్చగొట్టడం వల్లే ఈ పరిస్థితి వచ్చింది" అన్నారు కార్యదర్శి. నాటో అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి. ముప్పై సెకన్ల బైట్. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది. ఇక కమిటీ ఏమనుకున్నా పార్టీ మాట అదే అయిపోయింది. తర్వాత జరిగిన సమావేశం పని ఆ ముప్పై సెకన్లకు రబ్బరు స్టాంపు వేయడమేనని ఆయనకూ తెలుసు, మిగతావాళ్లకూ తెలుసు.

ఆదివారం, 27న నగర కమిటీ కూర్చుంది. 23 మందిలో 19 మంది వచ్చారు. మొదటి అంశం స్టీల్ ప్లాంటే. వంద శాతం అమ్మేయడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఒప్పుకున్నప్పటి నుంచి ఈ ఊళ్లో ఏ సంఘం ఎజెండా అయినా దానితోనే మొదలయ్యేది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరానికి అప్పటికే ఏడాది నిండింది. ఉక్రెయిన్ చివర్లో, "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" కింద వచ్చింది.

తీర్మానం ముసాయిదాను ఇద్దరు పెద్దలు ముందే రాసుకొచ్చారు. నాటో విస్తరణ గురించి, అమెరికా పెత్తనం గురించి పదకొండు వాక్యాలున్నాయి. చివరి వాక్యంలో ఇరుపక్షాలూ సంయమనం పాటించాలన్నారు. రష్యా ఇంకో దేశం మీద దాడి చేసిందన్న ముక్క ఎక్కడా లేదు. అది చేర్చాలని ఆరుగురు పట్టుబట్టారు. గంటన్నర వాదించుకున్నారు. "మనలో మనకి ఓటింగేమిటి, మీ అభిప్రాయాలు నోట్ చేసుకున్నాం" అని అధ్యక్షత వహించిన ఆయన ముగించేశారు. టీ వచ్చింది. నోట్ చేసుకున్నవాళ్లు ఎవరూ లేరు.

మినిట్స్ బుక్కు నాకు చూపించారు. బ్రౌన్ పేపర్ అట్ట వేసిన పొడవాటి గీతల పుస్తకం. ఆ రోజు పేజీలో పైన పంతొమ్మిది సంతకాలు, కింద నీలం ఇంకుతో ఈ వాక్యం: "ఉక్రెయిన్ పరిస్థితిపై సుదీర్ఘ చర్చ అనంతరం తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

రాసిన కుర్రాణ్ణి అడిగాను, ఏకగ్రీవంగా అని ఎవరు రాయమన్నారని. బిక్కమొహం వేశాడు. "ఎవరూ రాయమనలేదండీ. ఎప్పుడూ అలాగే రాస్తాం కదా" అన్నాడు. వెనక్కి పేజీలు తిప్పాను. నిజమే. మేడే ఊరేగింపు ఏర్పాట్లు ఏకగ్రీవంగా, ఆఫీసు ఫ్యాన్ రిపేరు ఏకగ్రీవంగా, ఎవరో పెద్దాయన పోతే సంతాపం ఏకగ్రీవంగా. పెన్ను అలవాటుగా రాసేసిన మాట అది.

ఆ పేజీలో నాలుగో సంతకం పోర్టులో పనిచేసే ఒక సభ్యుడిది. అతని కూతురు ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతోంది. సమావేశం మొదలైన ఇరవై నిమిషాలకు ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్లాడు, మళ్లీ లోపలికి రాలేదు. తీర్మానం అతను వినలేదు కూడా. రాత్రి ప్రెస్ నోట్ ఫోన్‌లో చూశాడు.

"నానెప్పుడు ఒప్పుకున్నాను సార్?" అన్నాడు నాతో. "నా పిల్ల మెట్రో స్టేషన్లో నేల మీద పడుకుని ఉంది. బాంబులేసేవోళ్ల పేరు ఎత్తకుండా కాయితం రాసి, అందులో నన్నూ కలిపేశారు."

మార్చి 1న ఖార్కివ్‌లో సరుకుల కోసం బయటికొచ్చి క్యూలో నిలబడ్డ కర్ణాటక వైద్య విద్యార్థి దాడిలో చనిపోయాడు. మర్నాడు మన రాయబార కార్యాలయం ఖార్కివ్‌లోని భారతీయులందరినీ వెంటనే నగరం వదలమంది. బస్సులు, రైళ్లు దొరక్కపోతే నడుచుకుంటూనైనా సాయంత్రం ఆరులోగా పిసోచిన్, బబాయ్, బెజ్లియుదివ్కా చేరుకోమంది. ఈ అమ్మాయి పిసోచిన్ దాకా నడిచింది. ఆ కొన్ని గంటలూ ఫోన్ కలవలేదు. ఇక్కడ తండ్రి ఫోన్‌లో పార్టీ గ్రూపు నుంచి నాటో విస్తరణ మీద వ్యాసాలు వరసగా వస్తూనే ఉన్నాయట. అతను గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. దాన్నొక క్రమశిక్షణ విషయంగా రాసిపెట్టుకున్న మహానుభావులూ ఉన్నారు.

యువజన నాయకుడు మార్చి 1 రాత్రే ఫేస్‌బుక్‌లో నాలుగు లైన్లు పెట్టాడు. తీర్మానం ఏకగ్రీవం కాదని, తను ఒప్పుకోలేదని, ఇంకో ఐదుగురు కూడా ఒప్పుకోలేదని. 3న షోకాజ్ నోటీసు వెళ్లింది, కమిటీ లోపలి చర్చను బయటపెట్టినందుకు. 5న మిగతా ఐదుగురూ రాజీనామా చేశారు. అందులో ఒక మహిళా లాయర్ ఉన్నారు. ఆవిడ లేఖలో ఉక్రెయిన్ అన్న మాటే లేదు. "నేను అననిది అన్నట్టు రాసిన రికార్డును సరిచేయాలి" అని ఒక్క వాక్యం. అసలు సమస్య నాకు అక్కడే దొరికింది.

జాయింట్ మీటింగ్‌కు ముందు రెండు పక్షాలతో విడివిడిగా మాట్లాడటం నా పాత పద్ధతి. మొదట ముసాయిదా రాసిన పెద్దాయన ఇంటికి వెళ్లాను. కూర్మన్నపాలెంలో ఉంటారు, అందరూ మాస్టారూ అంటారు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేశారు. గోడ అల్మరాలో మాస్కో నుంచి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు అట్టలు ఊడిపోయి ఉన్నాయి. "నేను చెప్పేది రాసుకోండి, వీళ్లు రాయరు గానీ" అని మొదలుపెట్టారు. ఆ మాట విని నాకు లోపల చిన్నగా నవ్వొచ్చింది. రికార్డు సరిగా లేదన్న కంప్లయింట్ ఆయనకూ ఉంది!

విశాఖలో ఆ తరానికి సోవియట్ యూనియన్ అంటే పుస్తకాల్లో చదివిన దేశం కాదు. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధంలో, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఈ తీరంలోనే. ఆ ఏడాది భద్రతా మండలిలో మన తరఫున వీటో వేసింది సోవియట్లు. ప్లాంటుకు ఒప్పందం 1979లో వాళ్లతోనే జరిగింది. ఇవాళ్టికీ ఆర్కే బీచ్‌లో పిల్లలు ఎక్కి దిగే కురుసుర సోవియట్లు కట్టిన సబ్‌మెరైనే. ఇవన్నీ మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టారు. "అప్పుడు మన వెనక నిలబడ్డవాణ్ణి ఇప్పుడు అందరూ కలిసి కొడుతుంటే, మనమూ ఒక రాయి వేయాలా?" అన్నారు.

మాటల్లో పాత ఫొటో తీశారు. ప్లాంట్‌లోని గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర హెల్మెట్లు పెట్టుకుని నలుగురు మనవాళ్లు, ఇద్దరు సోవియట్ ఇంజనీర్లు. ఆ ఇద్దరిలో ఒకాయన మా ఇంట్లో పెసరట్టు తిన్నాడు, అల్లం పచ్చడికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు అని చెబుతుంటే, ఆయనది ఏ ఊరని యథాలాపంగా అడిగాను. "ద్నేప్రోపెత్రోవ్‌స్క్" అని గడగడా అన్నారు, ముప్పై ఏళ్లుగా నోట్లో నానుతున్న పేరులా. అని ఆగారు. ఆ ఊరు ఉక్రెయిన్‌లోది. ఫొటో వైపు చూశారు. "అది ఇప్పుడు అవతల పక్కకి వస్తుంది కదా" అన్నారు.

ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా, అయితే ఆయన మనసు మారిందన్నమాట అంటారు విన్నవాళ్లు. మారలేదు. ఆయన అప్పుడూ నాటోదే తప్పన్నారు, ఇప్పుడూ అదే అంటారు. మార్చడం నా పని కూడా కాదు. కానీ ఎదుటివాళ్లు చెప్పేది వినడానికి ఒప్పుకున్నది ఆ తర్వాతే.

యువజన నాయకుడు పూర్తిగా వేరే రకం. రుషికొండ వైపు ఐటీ కంపెనీలో ఉద్యోగం, మాట పదును, ఓపిక తక్కువ. ప్రింటౌట్ల కట్ట తెచ్చాడు. గ్రీస్ కమ్యూనిస్టులు దాడిని ఖండించారు, అటు నాటోనూ ఇటు రష్యా పాలకవర్గాన్నీ కలిపి తప్పుబట్టారు. రష్యా కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం సైనిక చర్యను సమర్థించినా, రష్యా పార్లమెంటు దిగువ సభ డూమాలో ఆ పార్టీ సభ్యులే మిఖాయిల్ మత్వేయెవ్, ఒలెగ్ స్మోలిన్, వ్యాచెస్లావ్ మార్ఖాయెవ్ యుద్ధాన్ని బహిరంగంగా తప్పుబట్టారు. "మాస్కోలో కూర్చుని అనగలిగిన మాట, మద్దిలపాలెంలో కూర్చుని అనకూడదా సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు గనక తప్పించుకున్నాను.

అందరి దగ్గరా నేనడిగింది ఒకటే: రేపు పొద్దున్న ఏం జరిగితే మీరు మళ్లీ ఆఫీసుకొచ్చి కూర్చుంటారు? తీర్మానం మార్చాలని ఆరుగురిలో ఇద్దరే అన్నారు. మిగతా నలుగురూ రికార్డు సరిచేయాలన్నారు. అటు పెద్దలేమో తీర్మానం అలాగే ఉండాలన్నారు గానీ, ఏకగ్రీవం అన్న మాట మీద వాళ్లకూ పెద్ద మమకారం లేదు. రెండు వారాలు పీకలమీదికి తెచ్చుకున్న గొడవలో అసలు పేచీ ఆ మాటకే కుదించుకుపోయింది. ఫ్యాక్టరీ తగువుల్లోనూ ఇంతే. జీతం మీద సమ్మె అంటారు, లోపలికెళ్లి చూస్తే ఫోర్‌మన్ అన్న ఒక మాట ఉంటుంది.

ఇది చిన్న ఊరి చిన్న కమిటీ సంగతి అనుకోకండి. అదే ఫిబ్రవరి 24న బ్రిటన్‌లో లేబర్ పార్టీ ఎంపీలు పదకొండు మంది, యుద్ధ వ్యతిరేక సంస్థ ఒకటి నాటోను కూడా తప్పుబడుతూ ఇచ్చిన ప్రకటన మీద సంతకాలు చేసి ఉన్నారు. వెనక్కి తీసుకోకపోతే పార్టీ విప్ పోతుందని, అంటే సభలో పార్టీ ఎంపీలుగా ఉండరని నాయకత్వం చెప్పింది. ఆ రోజే పదకొండు మందీ తీసేసుకున్నారు. బయటినుంచి చూస్తే పార్టీ ఒక్క గొంతుతో ఉంది, మన మినిట్స్ బుక్కు భాషలో ఏకగ్రీవంగా. ఇరవై ఒక్క నెలలు తిరక్కముందే, 2023 నవంబర్ 15న గాజాలో కాల్పుల విరమణ మీద ఓటింగ్ వచ్చింది. పార్టీ నాయకుడు స్టార్మర్ నాయకత్వం మానవతా విరామాలు, అంటే సాయం అందేందుకు కాసేపు ఆపడం చాలంది. 56 మంది లేబర్ ఎంపీలు మాట వినకుండా కాల్పుల విరమణకు ఓటేశారు. ఎనిమిది మంది షాడో మంత్రులు (ప్రతిపక్షంలో ఒక్కో శాఖ చూసేవాళ్లు) పదవులు వదులుకోవాల్సి వచ్చింది. రెండు యుద్ధాలూ ఒకటి కావు, ఆ ఎంపీలంతా వాళ్లే కారు. కానీ సంతకాలు తీయించిన నాయకత్వం మాత్రం ఒకటే. 2024 ఫిబ్రవరి నాటికి అదే పార్టీ తక్షణ కాల్పుల విరమణ అన్న మాట దగ్గరికి తానే వచ్చింది.

2003లో ఇరాక్ మీద బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ పెద్ద తప్పే చేశారన్నది నా అభిప్రాయం. కానీ పార్లమెంటులో ఓటు పెట్టారు. సొంత పార్టీ ఎంపీలు 139 మంది ఎదురు సవరణకు ఓటేశారు, మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేసి సభలో నిలబడి ఎందుకో చెప్పారు. ఎవరు ఏమన్నారో అంతా రికార్డులో ఉంది. మనకు ఆ వసతి తక్కువ. యుద్ధం మీద, విదేశాంగం మీద పార్లమెంటులో ఓటింగ్ దాదాపు రాదు, వచ్చినా 1985 ఫిరాయింపుల చట్టం తర్వాత విప్ దాటితే సభ్యత్వమే పోవచ్చు. అందుకని మన పార్టీల్లో భిన్నాభిప్రాయానికి మిగిలింది ఆ బ్రౌన్ పేపర్ అట్ట పుస్తకమే. అందులోనూ చోటు లేకపోతే ఫేస్‌బుక్‌లో తేలుతుంది.

ఇక తెనాలి సంగతి. మాస్టారు దాన్ని ఎత్తకుండా ఏ సమావేశమూ ముగియదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితిలో చైనాను ఖండించాలన్న డాంగే వర్గం మాట నెగ్గింది. అవతలి వర్గంలో చాలామంది జైళ్లకు పోయారు. 1964 ఏప్రిల్‌లో 32 మంది జాతీయ సమితి నుంచి బయటికొచ్చారు. జూలైలో తెనాలిలో కూర్చున్నారు, ఏడాది చివరికి కలకత్తాలో రెండో పార్టీ, సీపీఎం పుట్టింది. సుందరయ్య, బసవపున్నయ్య అటు, చండ్ర రాజేశ్వరరావు ఇటు. చైనా ఒక్కటే కారణం కాదు, కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న పాత తగువు కిందే ఉంది. "అందుకే నేను భయపడేది. పొరుగు దేశం పేరు చెప్పుకుని ఇంట్లో కొట్టుకుంటే ఇల్లు రెండవుతుంది. అందుకే ఏకగ్రీవం ఉండాలంటాను" అన్నారు మాస్టారు. నేనైతే అదే కథలోంచి రెండోది చదువుకున్నాను. వేరుగా ఆలోచించేవాళ్లను దేశద్రోహులని ఒకరు, రివిజనిస్టులని, అంటే మార్క్సిజాన్ని పలచన చేసినవాళ్లని ఇంకొకరు పిలుచుకున్నాక, ఇక కలిసి కూర్చునే గది మిగలదు. ఆయనతో ఆ వాదన పెట్టుకోలేదు. ఎనభై ఏళ్ల మనిషితో తెనాలి గురించి వాదించి గెలిచినవాణ్ణి నేనింకా చూడలేదు.

మార్చి 20, ఆదివారం జాయింట్ మీటింగ్. పార్టీ ఆఫీసు వద్దన్నాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చిన్న గది తీసుకున్నాం. 28, 29 తేదీల్లో దేశవ్యాప్త సమ్మె ఉంది, ఆలోపు ఏదో ఒకటి తేలాలని కార్యదర్శి టెన్షన్.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. పోర్టు సభ్యుణ్ణి మొదట మాట్లాడమన్నాను. కూతురు అప్పటికి పది రోజుల క్రితమే ఇంటికి చేరింది. అతను మాట్లాడితే గది మెత్తబడుతుందని నా లెక్క. అతను లేచి, రెండు ముక్కలు చెప్పి, నా వైపు తిరిగి, "నా పిల్లని సాక్ష్యానికి పిలిచినట్టుంది సార్ ఇది" అని కూర్చుండిపోయాడు. నిజమే. అతని బాధను పనిముట్టుగా వాడబోయాను. క్షమాపణ చెప్పాను. గది మెత్తబడలేదు సరికదా, అరగంట సేపు ఎవరూ నోరు విప్పలేదు. అలాంటి మనిషిని అడిగి, తను ఎప్పుడు మాట్లాడాలో తననే తేల్చుకోనివ్వాలి. ఇన్నేళ్ల సర్వీసు ఉండీ నాకు తట్టలేదు.

తర్వాత పేచీ అంతా ఒక క్రియాపదం మీద నడిచింది. "ఏకగ్రీవంగా" తీసేసి "మెజారిటీ అభిప్రాయంగా" అని పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఆరుగురు ఏం చేశారన్నది రాయడానికి రెండు గంటలు పట్టింది. "వ్యతిరేకించారు" అని యువజన నాయకుడు. వ్యతిరేకించారంటే పార్టీ వ్యతిరేకులన్నట్టుంది, "సందేహాలు వ్యక్తం చేశారు" అని పెద్దలు. "నాకు సందేహాలేమీ లేవు. నాకున్నది అభిప్రాయం" అన్నారు లాయర్. చివరికి "విభేదించారు" దగ్గర కుదిరింది. దాని కింద వాళ్ల కారణం వాళ్ల మాటల్లోనే ఒక పేరా. ఆ పేరాలో కామా కూడా ఎవరూ ముట్టుకోకూడదు.

సభలో నోరు మెదపని ముగ్గురున్నారు. వాళ్లు ఎటు అంటే, "మాకు రెండు పక్కలా కరెక్టే అనిపించింది" అన్నారు. అలాంటివాళ్ల కోసం ఐక్యరాజ్య సమితి సంగతి చెప్పాను. ఫిబ్రవరి 25న భద్రతా మండలిలో, మార్చి 2న సాధారణ సభలో భారత్ తటస్థంగా ఉంది. మార్చి 2 లెక్క 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 తటస్థం. కానీ ఊరికే చేతులు ముడుచుకోలేదు. ఓటుకు వివరణ అని ఒక పద్ధతి ఉంది. ఫిబ్రవరి 25న దాని కింద లేచి దేశాల సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలని రికార్డులో పెట్టింది. ఆ వైఖరి నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, నాకూ పూర్తిగా నచ్చలేదు. కానీ పద్ధతి పనికొచ్చేదే. ఆ ముగ్గురి కోసం మినిట్స్‌లో "తటస్థం, వివరణతో" అని ఒక గడి పెట్టాం. ఒకాయన వివరణ రెండే మాటలు: "యుద్ధం ఆగాలి."

పోర్టు సభ్యుడి పేరు దగ్గర "తీర్మాన సమయంలో సభలో లేరు" అని రాశారు. అతను కావాలన్నది అంతే.

షోకాజ్ వెనక్కి తీసుకోవడం కష్టమైంది. ప్రజాస్వామిక కేంద్రీకరణ అన్న మాట ఆ గదిలో ఎన్నిసార్లు వినపడిందో లెక్కపెట్టలేదు. లోపల ఎంతైనా కొట్లాడు, బయట మాత్రం ఒక్క మాట, అదీ సూత్రం. యువజన నాయకుడు దాన్ని కాదనలేదు. "లోపల నా మాట రాయలేదు కదా మాస్టారూ, ఇంక బయట ఒక్క మాట ఎలా అవుతుంది" అన్నాడు. మాస్టారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఫేస్‌బుక్ తప్పు. మినిట్స్ కూడా తప్పే. రెండూ కొట్టేయండి" అన్నారు చివరికి. నేను రాసిన ఏ ఒప్పందమూ ఇంత బాగా లేదు. ఇకముందు తీర్మానంతో విభేదించిన సభ్యుడు బయట అడిగితే "ఇది పార్టీ తీర్మానం, కమిటీలో నేను విభేదించాను, అది రికార్డులో ఉంది" అని చెప్పుకోవచ్చు. అంతకు మించి ప్రచారం చేయకూడదు. అలా కుదిరింది.

కార్యదర్శి మీద కూడా ఒక షరతు పడింది, ఆయనకది రుచించలేదు. మన ఊరి పిల్లలు ఎక్కడైనా యుద్ధంలో చిక్కుకుంటే, వాళ్లు ఇంటికి చేరేదాకా పార్టీ మాట్లాడేది వాళ్ల క్షేమం గురించే. ఎవరిది తప్పో కమిటీ కూర్చున్నాక. "విలేకరి మైకు పెడితే ఏమనాలి మరి?" అన్నారాయన. "కమిటీ కూర్చోలేదు అనండి" అన్నాను. రాజకీయ నాయకుడికి ఇంతకన్నా కష్టమైన వాక్యం లేదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

పాత పేజీని చింపలేదు, కొట్టేయలేదు. తర్వాతి సమావేశంలో "గత సమావేశ మినిట్స్ ధ్రువీకరణ" కింద సవరణ రాసి అందరూ సంతకం పెట్టారు. సర్వీసులో ఉండగా పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద చేయించిన రాజీ ఒప్పందాలు గుర్తొచ్చాయి. వాటికి చట్టం అండ ఉండేది, దీనికి ఆ పుస్తకం తప్ప ఏమీ లేదు. ఐదుగురిలో నలుగురు రాజీనామాలు వెనక్కి తీసుకున్నారు. సమ్మె రోజు అందరూ రోడ్డు మీదే ఉన్నారు, పోర్టు సభ్యుడు కూడా. అతను మళ్లీ వాట్సాప్ గ్రూపులో మాత్రం చేరలేదు.

తర్వాత ఎలా ఉందో తెలియాలంటే ఇంకో యుద్ధం రావాలి. వచ్చింది. 2023 అక్టోబర్‌లో గాజా. ఈసారి విలేకరితో కార్యదర్శి "కమిటీ కూర్చోలేదు" అన్నారట, ఆ బైట్ ఎవరూ వేసుకోలేదు. కమిటీలో పాలస్తీనా పక్షం గురించి పేచీ లేదు. అక్టోబర్ 7న హమాస్ చేసిన దాడిని మొదటి వాక్యంలో ఖండించాలా, చివరి వాక్యంలోనా అన్నదాని మీద మూడు గంటలు పట్టింది. మొదటి వాక్యంలో అన్న ఇద్దరి మాట ఓడిపోయింది. పేర్లతో, కారణాలతో రాసుకున్నారు. ఎవరూ రాజీనామా చేయలేదు. డిసెంబర్‌లో ఆ ఇద్దరిలో ఒకాయన మళ్లీ అదే అంశం ఎజెండాలో పెట్టించుకున్నారు, మళ్లీ ఓడిపోయారు. ఐక్యరాజ్య సమితిలో అక్టోబర్ 27న తటస్థంగా ఉన్న భారత్ డిసెంబర్ 12న కాల్పుల విరమణకు ఓటేసిన రోజులవి. "దేశమే మారింది, మీరు మారరేం" అన్నారట ఆయన. అందరూ నవ్వారని కార్యదర్శి చెప్పారు.

ఇదంతా పనిచేసింది అంటే లాయర్‌గారి విషయంలో పనిచేయలేదు. ఆవిడ తిరిగి రాలేదు. మినిట్స్ సరిచేశాక, సవరణ పేజీ కాపీ ఒకటి కావాలని కబురు చేశారు. పార్టీ పుస్తకం కాపీ బయటివాళ్లకు ఇవ్వచ్చా అని మళ్లీ ఒక చిన్న చర్చ. ఇవ్వచ్చన్నారు. ఆ రోజు పని మీద నేనూ ఆఫీసులోనే ఉన్నాను. రెండు పేజీలు జిరాక్స్ తీయించి కార్యదర్శి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ నిలబడే చదువుకున్నారు, తన పేరా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. మడిచి ఫైల్లో పెట్టుకుని, జిరాక్స్ ఎంతైందని అడిగారు. "భలేవారమ్మా, నాలుగు రూపాయలకి ఏముంది" అన్నారు కార్యదర్శి. ఆవిడ పర్సులోంచి రెండు రెండురూపాయల బిళ్లలు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.